నల్లజాబితా నీడలో నేర చిత్రం

ఒక గ్రంథాన్నో, నాటకాన్నో ప్రభుత్వం నిషేధించినప్పుడు ఆ ఉత్తర్వు గెజిట్టులో అచ్చవుతుంది. దానికొక సంఖ్య ఉంటుంది, తేదీ ఉంటుంది, అధికారి సంతకం ఉంటుంది. ఆ ఉత్తర్వు చెల్లదని న్యాయస్థానంలో వ్యాజ్యం వేయవచ్చును. నల్లజాబితా అటువంటిది కాదు. దానిని ఎవరు వ్రాశారో తెలియదు. ఎక్కడ దాచారో తెలియదు. ఉన్నదా అని అడిగితే లేదనే సమాధానం వస్తుంది. కాని నిన్నటిదాకా పిలిచి పని ఇచ్చిన యజమాని నేడు కంటికి కనబడడు. పేరు మాసిపోయినవాడు ఎవరిమీద దావా వేయాలో, ఏ నేరానికి సంజాయిషీ చెప్పుకోవాలో తెలియక ఇంటి గడపలోనే నిలబడిపోతాడు.

రెండవ ప్రపంచ సంగ్రామం ముగిసిన తర్వాతి పది పదిహేనేళ్ళలో ఈ రెండు పద్ధతులూ లోకంలో విరివిగా సాగినవి. అమెరికాలో నల్లజాబితా చలనచిత్ర పరిశ్రమను పట్టినది. మన తెలుగునాట నిషేధం నాటకరంగాన్నీ, బుర్రకథనూ, పత్రికనూ పట్టినది. రెండు చోట్లా దాని ముద్ర నేర చిత్రం మీద పడినది. నేర చిత్రం మీదనే ఎందుకు పడవలె? ఆ జాతి కథ ప్రేక్షకుని ముందుంచే ప్రశ్న ఒక్కటే: అపరాధి ఎవరు? జాబితా వ్రాసేవాడు కూడా ఆ ప్రశ్నకే సమాధానం చెబుతున్నాడు; అయితే విచారణ లేకుండా చెబుతున్నాడు. ఒకే ప్రశ్నకు రెండు వైపుల నుంచి సమాధానాలు వచ్చినప్పుడు వాటి మధ్య సంఘర్షణ తప్పదు. ఆ సంఘర్షణలో చిత్రకథ ఎట్లా మారినది, జనాభిప్రాయం ఎటు మొగ్గినది అన్నదే ఈ ప్రసంగ విషయం.

మన నగరవాసులకు ఇది దూరపు విషయం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1964లో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం స్థాపితమై, ఆ దేశపు చరిత్రనూ సాహిత్యాన్నీ చదువదలచినవారికి పెద్ద గ్రంథాలయంగా పెరిగినది. తార్నాక నుంచి ఆ ప్రాంగణం మీదుగా బయలుదేరి విద్యానగర్, రాంనగర్ దాటితే ఆర్టీసీ చౌరస్తా. సినిమా అంటే ప్రాణమిచ్చే ఈ నగరంలో చిత్రశాలలకు పేరుపడ్డ కూడలి. ఆ సమీపంలోనే ముషీరాబాదు. నేడు గాంధీ ఆసుపత్రి ఉన్న స్థలంలో ఒకప్పుడు కేంద్ర కారాగారం ఉండేది. గ్రంథాలయం, చిత్రశాల, కారాగారం ఈ మూడూ మన విషయంలో చోటు చేసుకుంటవి.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ నియమించిన ఒక విచారణ సంఘం హాలీవుడ్ రచయితలనూ దర్శకులనూ పిలిపించి, మీరు కమ్యూనిస్టు పార్టీ సభ్యులా, ఎప్పుడైనా ఉన్నారా అని ప్రశ్నించినది. పదిమంది ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నిరాకరించారు. అభిప్రాయ స్వాతంత్ర్యం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని వారి వాదం. సభను ధిక్కరించిన నేరం వారిపై మోపారు. 1950లో పదిమందీ కారాగారానికి వెళ్ళారు. ఇంతవరకూ జరిగినది బహిరంగంగా జరిగినది. అసలు సంగతి వేరు. 1947 నవంబరులో చిత్ర నిర్మాణ సంస్థల అధిపతులు న్యూయార్కులోని వాల్డార్ఫ్ హోటలులో సమావేశమై, ఆ పదిమందికి పని ఇవ్వబోమనీ, తెలిసి ఏ కమ్యూనిస్టునూ నియమించబోమనీ ప్రకటించారు. దీనికి శాసనం లేదు. న్యాయస్థానం తీర్పు లేదు. వ్యాపారులు తమకు తాము వేసుకున్న కట్టుబాటు ఇది. 1951లో విచారణలు మళ్ళీ మొదలయిన తర్వాత పేర్లు పదులు దాటి వందలకు చేరినవి. జాబితా నుంచి బయటపడడానికి ఒక్కటే దారి ఉండేది: తాను విచారణ సంఘం ముందుకు వెళ్ళి, తోటివారి పేర్లు చెప్పడం.

ఆకాశవాణిలో పనిచేసేవారికి ఈ చరిత్రలో మరొక అధ్యాయం ప్రత్యేకంగా కనబడుతుంది. 1950 జూన్‌లో ‘రెడ్ చానెల్స్’ అనే చిన్న పుస్తకం వెలువడినది. అందులో రేడియోకూ టెలివిజన్‌కూ చెందిన 151 మంది పేర్లు వరుసగా ఉన్నవి. ఏ సభకు వెళ్ళారు, ఏ వినతిపత్రం మీద సంతకం చేశారు అన్నవే వారిపై ఆరోపణలు. ఆ ఏడే జీన్ మ్యూర్ అనే నటి ఒక ధారావాహిక నుంచి తొలగింపబడినది. ప్రకటనలిచ్చే సంస్థకు కొద్దిపాటి టెలిఫోను పిలుపులు వచ్చినవి. వాటినే ఆ సంస్థ ప్రజాభిప్రాయంగా భావించినది. దేశమంతటా చూసేవారు లక్షలమంది. ఫోను చేసినవారు గుప్పెడుమంది. ప్రజలు కోపగిస్తారేమో అన్న యజమాని భయమే ప్రజల కోపంగా లెక్కకు వచ్చినది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఇక చిత్రాలు. యుద్ధానంతరం హాలీవుడ్‌లో చీకటి వీధులు, వాన తడిసిన రోడ్లు, సగం వెలుగులో ముఖాలు గల నేర చిత్రాలు చాలా వచ్చినవి. వాటిని తీసినవారిలో పలువురు తరువాత జాబితాకెక్కినవారే. ‘క్రాస్‌ఫైర్’ 1947లో వచ్చినది. ఒక సైనికుడు ఒక యూదుణ్ణి కేవలం ద్వేషంతో చంపడం అందులోని కథ. ఆ చిత్రం ఆస్కారు బహుమతుల పరిశీలనకు వెళ్ళేనాటికే దాని నిర్మాత ఏడ్రియన్ స్కాట్, దర్శకుడు ఎడ్వర్డ్ డ్మిట్రిక్ ఇద్దరూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1948లో ఏబ్రహాం పొలోన్‌స్కీ ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’ తీశాడు. అది మన మట్కా వంటి అంకెల జూదం మీద కథ. పేదలు రోజూ ఒక అంకె మీద చిల్లర డబ్బు కడతారు. జులై 4వ తేదీ స్వాతంత్ర్య దినం గనుక 776 అనే అంకె మీద అందరూ కట్టడం రివాజు. ఆ రోజు ఆ అంకే వచ్చేటట్లు పెద్ద ముఠా ఏర్పాటు చేస్తుంది. గెలిచినవారికి చెల్లించలేక చిన్న జూదశాలలన్నీ దివాలా తీస్తవి. పెద్ద ముఠా వాటిని మింగుతుంది. ఈ పథకానికి సలహాదారు వాల్ స్ట్రీటులోని ఒక న్యాయవాది. దివాలా తీసేవాడు అతని సొంత అన్న. ఇందులో పిస్తోలు పట్టినవాడికంటే లెక్కల పుస్తకం పట్టినవాడే భయంకరుడు. నేరం వ్యాపారం వలె నడుస్తుందనీ, వ్యాపారం నేరం వలె నడవవచ్చుననీ చిత్రం చెప్పక చెబుతుంది.

ఇటువంటి కథ చెప్పినవారికి ఏమి జరిగినది? పొలోన్‌స్కీ తర్వాత తన దర్శకత్వంలో మరొక చిత్రం విడుదల కావడానికి 1969 దాకా వేచి ఉండవలసి వచ్చినది. కథానాయకుడుగా నటించిన జాన్ గార్‌ఫీల్డ్ 1951లో విచారణ సంఘం ముందు నిలబడి మిత్రుల పేర్లు చెప్పలేదు. అతనికి పని దొరకడం కష్టమయినది. 1952 మే నెలలో, ముప్పైతొమ్మిదవ ఏట, గుండె ఆగి మరణించాడు.

మనుషులు వెళ్ళగొట్టబడ్డారు గాని నేర చిత్రాలు ఆగిపోలేదు. అవే చీకటి వీధులు, అవే ఓడరేవులు, అవే రహస్య సమావేశాలు. ఇప్పుడు ముఠా నాయకుని స్థానంలో విదేశీ భావాలు గల కుట్రదారు కూర్చున్నాడు. ‘నేను ఎఫ్.బి.ఐ. కోసం కమ్యూనిస్టునయ్యాను’ అనే అర్థం వచ్చే పేరుతో 1951లో వచ్చిన చిత్రం కల్పితాలు మేళవించిన కథాచిత్రం. అయినా దానిని ఆస్కారుకు డాక్యుమెంటరీల వర్గంలో పరిశీలనకు తీసుకొన్నారు. కథ ఏదో, సాక్ష్యం ఏదో వేరుచేసే గీత ఎంత చెరిగిపోయినదో ఈ ఒక్క సంగతి చెబుతుంది. 1953లో శామ్యూల్ ఫుల్లర్ తీసిన ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’ ఇంకా విచిత్రమైన నిదర్శనం. ఒక జేబుదొంగ ఒక యువతి సంచి కొట్టేస్తాడు. అందులో కమ్యూనిస్టు గూఢచారులకు చేరవలసిన రహస్య ఫిల్ము ఉంటుంది. ఈ చిత్రాన్ని ఫ్రాన్సులో ప్రదర్శించేటప్పుడు సంభాషణలు మార్చి, గూఢచారులను మాదకద్రవ్యాల వర్తకులుగా చేశారు. ఒక్క దృశ్యం మార్చనవసరం లేకపోయినది! మాట మార్చితే అపరాధి మారిపోయాడంటే, ఆ అపరాధి పాత్రలో రాజకీయం ఎంత పైపూతో ఊహించుకోవచ్చును.

వెళ్ళగొట్టబడినవారు మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మన దేశంలో భూముల విషయంలో బినామీ అనే మాట అందరికీ తెలుసు. హాలీవుడ్‌లో ఆ కాలాన బినామీ రచయితలు బయలుదేరారు. కారాగారానికి వెళ్ళిన పదిమందిలో ఒకడయిన డాల్టన్ ట్రంబో ‘గన్ క్రేజీ’ అనే నేర చిత్రానికి పనిచేశాడు. తెర మీద మరొకని పేరు పడినది. 1951లో జోసెఫ్ లోసీ తీసిన ‘ది ప్రౌలర్’కు కూడా అతడే రచన సాగించాడు, అక్కడా అతని పేరు లేదు. ఆ కథ రేడియోవారు తప్పక తెలుసుకోదగినది. ఇంటి చుట్టూ ఎవరో తచ్చాడుతున్నారని ఒక స్త్రీ పోలీసులకు కబురు పంపుతుంది. వచ్చిన కానిస్టేబులు ఆమె మీద, ఆమె ఆస్తి మీద కన్నువేసి, ఆమె భర్తను కాల్చి చంపి, దొంగ అనుకొని పొరబడ్డానని నమ్మిస్తాడు. భర్త రేడియో ప్రయోక్త. రాత్రివేళ రేడియోలో అతని గొంతు ఆ ఇంటిలో వినబడుతూ ఉంటుంది. ఆ గొంతు ఎవరిది? ట్రంబోదే. పేరు వేయడానికి వీలులేని మనిషి గొంతు దేశంలోని చిత్రశాలలన్నింటిలో వినబడినది. జాబితా వ్రాసినవారు దానిని గుర్తుపట్టలేదు.

మరికొందరు దేశం విడిచారు. జూల్స్ డాసిన్ పారిస్‌లో చాలాకాలం పనిలేక గడిపి, 1955లో ‘రిఫిఫీ’ తీశాడు. ఒక నగల దుకాణం దోపిడీ సుమారు అరగంటసేపు సాగుతుంది; ఆ అరగంటలో సంభాషణ లేదు, సంగీతం లేదు. కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అతనికి లభించినది. అందులో ముఠా సభ్యుడొకడు నిర్బంధానికి లొంగి తోటివారి సంగతి బయటపెట్టి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ పాత్రను డాసిన్ తానే మారుపేరుతో ధరించాడు. దానికి ఒక ఏడు ముందు, 1954లో, ఎలియా కజాన్ ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ తీశాడు. అందులో రేవు కూలీ ఒకడు దుండగులయిన సంఘ నాయకుల మీద విచారణలో సాక్ష్యం చెప్పి వీరుడవుతాడు. కజాన్ 1952లో విచారణ సంఘం ముందు పేర్లు చెప్పినవాడు. రెండూ నేర చిత్రాలే, రెండూ గొప్ప చిత్రాలే. ఒకదానిలో పేరు చెప్పడం ధర్మం; రెండవదానిలో పేరు చెప్పడం ద్రోహం. దేశమంతా రెండుగా చీలి వాదించుకొన్న ప్రశ్నను ఎదురుగా చర్చించడానికి ఎవరికీ ధైర్యం చాలని రోజులలో, నేర కథ ఆ వాదానికి వేదిక అయినది.

తుదకు గాలి తిరిగినది. 1954 మార్చి 9వ తేదీన ఎడ్వర్డ్ మరో టెలివిజన్‌లో సెనేటరు మెకార్తీ మాటలనే వరుసగా చూపించి ప్రేక్షకులను ఆలోచింపజేశాడు. ఆ ఏడు డిసెంబరులో సెనేట్ మెకార్తీని అభిశంసించినది. చలనచిత్ర జాబితా మాత్రం 1960 దాకా సాగినది. ఆ ఏడు ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ చిత్రాల మీద ట్రంబో పేరు తిరిగి కనిపించినది. జాన్ హెన్రీ ఫాక్ అనే రేడియో ప్రసారకుడు తన జీవనం చెడగొట్టినవారిపై వ్యాజ్యం వేసి 1962లో గెలిచాడు. జ్యూరీ 35 లక్షల డాలర్లు ఇప్పించవలసిందని తీర్పు చెప్పినది. అప్పీలులో ఆ మొత్తం తగ్గినా గెలుపు గెలుపే. గుప్పెడు టెలిఫోను పిలుపులు ప్రజాభిప్రాయమా, ప్రమాణం చేసి సాక్ష్యం విన్న పన్నెండుమంది పౌరుల తీర్పు ప్రజాభిప్రాయమా అన్న సంశయం అక్కడ తీరినది.

ఇదే కాలంలో మన తెలుగునాట ఏమి జరుగుతున్నదో ఇప్పుడు చూద్దాం. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడినది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటి దక్షులు దానికి నాయకత్వం వహించారు. బుర్రకథ, వీథినాటకం వంటి పాత కళారూపాలకు కొత్త విషయం సమకూరినది. షేక్ నాజర్ బుర్రకథకు జనం విరగబడేవారు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని కథావస్తువుగా తీసుకొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం వ్రాశారు. అది కోస్తా జిల్లాలలో ఊరూరా ఆడినది. మద్రాసు ప్రభుత్వం 1948లో దానిని నిషేధించినది. మండలి కళాకారుల మీద నిర్బంధం తీవ్రమయినది. కొందరు చెరసాలకు వెళ్ళారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్ళారు.

హైదరాబాదు సంస్థానంలో స్థితి ఇంకా విషమం. నిజాం ప్రభుత్వం 1946 చివర కమ్యూనిస్టు పార్టీని నిషేధించినది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత వచ్చిన పాలన కూడా పార్టీని నిషేధించినది. దొరల గడీలమీదికి, వెట్టిచాకిరీ మీదికి తిరగబడిన దళాలు ప్రభుత్వ పరిభాషలో బందిపోట్లు. పల్లెలో కొందరికి వారు రక్షకులు, మరికొందరికి భయహేతువులు. ఉభయపక్షాలా హింస జరిగినది, ప్రాణాలు పోయినవి, దానిని దాచనక్కరలేదు. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, ఒకే మనిషి ఒకరి నోట నేరస్థుడు, మరొకరి నోట నాయకుడు అయ్యాడు. ప్రత్యేక న్యాయస్థానాలు మరణశిక్షలు విధించినవారి తరఫున సుప్రీంకోర్టులో వాదించడానికి ఇంగ్లండు నుంచి డి. ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ న్యాయవాది వచ్చాడు. ఆ శిక్షలు తరువాత యావజ్జీవ శిక్షలుగా మారినవి.

పత్రిక సంగతి కూడా ఒకమాట. రమేశ్ థాపర్ నడిపిన ‘క్రాస్ రోడ్స్’ అనే వారపత్రిక తన రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం 1950లో ఉత్తర్వు చేసినది. ఆ ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు అదే ఏడు మే నెలలో తీర్పు చెప్పినది. వాక్‌స్వాతంత్ర్యం మీద మన అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన మొదటి తీర్పులలో ఇది ఒకటి. మరుసటి ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, ప్రజాశాంతి పేరిట ఆంక్షలకు చోటిచ్చినది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. గెజిట్టులో అచ్చయిన ఉత్తర్వు గనుక దానిని న్యాయస్థానం కొట్టివేయగలిగినది. కంటికి కనబడని జాబితాను ఏ న్యాయస్థానం కొట్టివేస్తుంది?

నాటకానికి తలుపు మూసుకుపోయినప్పుడు కళాకారులు ఎక్కడికి వెళ్ళారు? చాలామంది మద్రాసు చలనచిత్రాలకు వెళ్ళారు. హాలీవుడ్‌కూ మనకూ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే. అక్కడ చిత్ర పరిశ్రమే తలుపు వేసినది. ఇక్కడ తక్కిన తలుపులు మూతపడగా చిత్ర పరిశ్రమ తలుపు తెరిచినది. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశాడు. జమునకూ, అల్లు రామలింగయ్యకూ అదే తొలి చిత్రం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి నటుడుగా స్థిరపడ్డాడు. కె. బి. తిలక్ దర్శకుడై 1957లో ‘ఎం.ఎల్.ఎ.’ తీశాడు. మద్రాసు నిర్మాతలకు ఉదారబుద్ధి ఎక్కువనుకోనక్కరలేదు. వారికి రచయితలు కావాలి, నటులు కావాలి, పల్లె జనానికి నచ్చే పాట కావాలి. ఊరూరా తిరిగి జనం నాడి పట్టినవారు మండలి కళాకారులే.

అయితే వారు వెంట తెచ్చిన ప్రశ్నను మాత్రం తెర మీదికి నేరుగా తేవడానికి వీలులేదు. ఎదురుగా సెన్సారు ఉన్నది. ప్రేక్షకుల సానుభూతి నేరం వైపు, తప్పుపని వైపు పోకూడదన్నది 1930లో హాలీవుడ్ వ్రాసుకొన్న నియమావళిలోని మూలసూత్రం. 1960లో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన సెన్సారు మార్గదర్శక సూత్రాలలోనూ దాదాపు ఆ వాక్యమే కనబడుతుంది. సూత్రం మంచిదే. కాని అపరాధి ఎవరన్నది ముందే తేల్చుకొంటే తప్ప అది వర్తించదు. తెలివిగల కథకుడు అక్కడనే సందు వెదుక్కొన్నాడు. సానుభూతిని నేరస్థుని మీదికి మళ్ళించడం మానివేసి, నేరాన్నే పెద్దమనిషి గుమ్మం ముందుకు మళ్ళించాడు.

1954లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో ‘పెద్దమనుషులు’ వచ్చినది. దీని రచయిత డి. వి. నరసరాజు ప్రజానాట్యమండలి శిబిరానికి చెందినవాడు కాడు. కథకు మూలం ఇబ్సెన్ 1877లో వ్రాసిన నాటకం. అయినా ఆ కాలపు గాలి ఈ చిత్రంలో నిండుగా వీస్తుంది. ధర్మారావు పురపాలక సంఘాధ్యక్షుడు. పేరులోనే ధర్మం ఉన్నది, మాటలో మర్యాద ఉన్నది. చేసే పనులన్నీ దొంగపనులు. ఊరిలో సత్యం పలికేవాడు ఒక్కడు, వాడికి తిక్క శంకరయ్య అని పేరు. రేలంగి ధరించిన ఆ పాత్ర ఏమి పాడినా పిచ్చివాడి పాటే గదా అని ఊరుకొంటారు. నోరు విప్పితే శిక్షపడే కాలంలో నిజం చెప్పదలచినవాడు పిచ్చివాడి వేషం వేయడం మన పల్లె భాగవతులకు ఎప్పటినుంచో తెలిసిన ఉపాయమే.

అదే 1954లో ‘అగ్గిరాముడు’ వచ్చినది. ఎన్. టి. రామారావు, భానుమతి నటించిన ఈ చిత్రం తమిళ ‘మలైక్కళ్ళన్’ కథకు తెలుగు రూపం. నాయకుడు కొండదొంగ, చట్టం దృష్టిలో నేరస్థుడు, పేదల దృష్టిలో ఆత్మబంధువు. ఆ చిత్రంలో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెబుతుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలె. 1922 నుంచి 1924 దాకా మన్యంలో తిరగబడిన సీతారామరాజు ఆనాటి పోలీసు దస్తావేజులలో పితూరీదారు. ముప్పై ఏళ్ళు గడిచేసరికి అతడు జాతి వీరుడు. ఆ కథను, కొన్నేళ్ళ క్రితం నిర్బంధాన్ని ఎదుర్కొన్న మండలి గాయకుడు, ఒక దొంగ కథ నడుమ, సెన్సారు ముద్ర పడిన చిత్రంలో గానం చేస్తున్నాడు. నేరస్థుడనే మాట శాశ్వతమైన బిరుదు కాదనీ, పాలన మారితే అర్థం మారుతుందనీ ఏ ఉపన్యాసమూ ఇంత సులభంగా చెప్పలేదు.

1955లో ‘దొంగరాముడు’ వచ్చినది. తల్లి ప్రాణం కాపాడే డబ్బు ఎక్కడా పుట్టక దొంగతనం చేసి జైలు పాలయినవాడి కథ అది. నేరానికి శిక్షపడుతుంది, సూత్రభంగం లేదు. కాని శిక్షపడినవాడి వెనుక ఉన్న దారిద్ర్యం ప్రేక్షకునికి కనబడుతుంది. ఆ ఏడే ఏప్రిల్‌లో తాపీ చాణక్య దర్శకత్వంలో సారథి వారి ‘రోజులు మారాయి’ విడుదలయినది. కౌలు రైతుల మీద భూస్వామి దౌర్జన్యం అందులోని వస్తువు. చిత్రం రజతోత్సవం జరుపుకొన్నది. మరుసటి ఏడు తమిళంలోనూ తీశారు. సారథి సంస్థ వెనుక ఉన్న ధనం చల్లపల్లి రాజావారిది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’, జమీందారులకు ఆగ్రహం తెప్పించిన ఆ చిత్రం, ఈ సంస్థదే. జమీందారు పెట్టుబడితో జమీందారీని నిలదీసే చిత్రాలు రావడం మన చిత్ర చరిత్రలోని ఒక వింత.

మరి జనాభిప్రాయం ఏమయినది? ఇక్కడ మనకు టెలిఫోను పిలుపులతో పనిలేదు. ఓట్ల లెక్క ఉన్నది. 1952 ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ నిషేధంలోనే ఉన్నది. ఆ పార్టీవారు ప్రజాస్వామిక ఫ్రంటు అనే వేరొక పేరుతో పోటీ చేశారు. బందిపోట్ల నాయకుడని ప్రభుత్వం ప్రకటించిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీచేసి, ప్రధాని నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు పొందాడు. పేరు నిషేధించినంత మాత్రాన జనం మనసులో ముద్ర చెరిగిపోదని ఆ ఫలితం చెప్పినది.

అట్లని జనం ఏకపక్షంగా ఉన్నారని చెప్పడం కూడా సత్యం కాదు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగినవి. 196 స్థానాలలో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే; ఓట్లలో దాదాపు మూడవ వంతు వచ్చినా పరాజయం పరాజయమే. రెండు నెలలు తిరగకుండా అదే జిల్లాలలో అదే జనం ‘రోజులు మారాయి’ చూడడానికి బళ్ళు కట్టుకొని వెళ్ళారు. పార్టీకి ఓటు వేయనివాడు కూడా కౌలుదారు వైపు నిలిచి భూస్వామి ఓటమికి చప్పట్లు కొట్టాడు. దీనినిబట్టి తేలేది ఏమిటి? ఒక పార్టీ మీద అభిప్రాయం వేరు. న్యాయాన్యాయాల మీద అభిప్రాయం వేరు. జాబితాలు వ్రాసేవారు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు. అన్యాయమన్న మాట ఎత్తినవాడల్లా ఫలానా పార్టీవాడే అనుకొంటారు. సామాన్య ప్రేక్షకుడు ఆ పొరపాటు చేయలేదు.

దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పవలసి ఉన్నది. తెర మీదికి వచ్చిన ప్రశ్న పదును తగ్గి వచ్చినది. నాటకంలో ఊరంతా కలిసి చేసిన పని చిత్రంలో ఒక నాయకుడు చేశాడు. భూమి ఎవరిదన్న తగవు, దుర్మార్గుడయిన ఒక భూస్వామిని పోలీసులు పట్టుకుపోవడంతో తీరిపోయినది. ఆ భూస్వామి చెడ్డవాడు గనుక కష్టం వచ్చినదని చిత్రం అన్నది. మంచివాడయినా వెట్టి వెట్టే గదా అన్న నాటకపు మాట వెనకబడినది. క్రమేణా ఆ పెద్దమనిషి ప్రతినాయకుడు ఒక అచ్చుబొమ్మగా మారి, 1960ల తర్వాత గూఢచారుల, దొంగనోట్ల ముఠాల చిత్రాలలో ఆడంబరంగా మిగిలాడు. తెలంగాణ పోరాటం తన పేరుతో, తన ముఖంతో తెర మీదికి రావడానికి 1979 దాకా పట్టినది. ఆ ఏడు బి. నరసింగరావు నిర్మాతల్లో ఒకరుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తయారయిన చిత్రానికి పెట్టిన పేరు, ముప్పై ఏళ్ళ క్రితం నిషేధించిన నాటకం పేరే: ‘మా భూమి’.

ఇక ముషీరాబాదు సంగతి. 1975 డిసెంబరు 1వ తేదీన, అత్యవసర పరిస్థితి అమలులో ఉండగా, భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతులను ముషీరాబాదు కారాగారంలో ఉరితీశారు. న్యాయస్థానం దృష్టిలో వారు హత్యానేరం చేసినవారు. శిక్ష తగ్గించవలసిందని కోరిన మేధావులు, న్యాయవాదులు వారిని రాజకీయ ఖైదీలన్నారు. నేరమేది, రాజకీయమేది అన్న వాదం 1948తో మొదలై అంతటితో ఆగలేదని మన ఊరి మధ్యనే రుజువయినది. ఆ గోడలున్న చోట నేడు రోగులు చికిత్స పొందుతున్నారు. వాదం మాత్రం పూర్తి కాలేదు.

చివరగా ఒక తీర్పు. మధ్యప్రదేశ్‌లో రమాశంకర్ రఘువంశీ అనే ఉపాధ్యాయుడు రాష్ట్రీయ స్వయంసేవక సంఘంతోనూ జనసంఘంతోనూ సంబంధం ఉన్నవాడని పోలీసులు నివేదిక పంపగా అతని ఉద్యోగం పోయినది. 1983లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వచ్చినది. తీర్పు వ్రాసినవారు మన తెలుగువారయిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. పౌరుని గత రాజకీయ విశ్వాసాలను పోలీసుల ద్వారా ఆరాతీసి జీవనోపాధిని తీసివేయడం మన రాజ్యాంగ స్వభావానికి విరుద్ధమని వారు తేల్చారు. ఆ ఉపాధ్యాయుని భావాలకూ, తెలంగాణ దళాల భావాలకూ, హాలీవుడ్ రచయితల భావాలకూ పోలికే లేదు. కాని సూత్రం ఒక్కటే. మనకు నచ్చనివాడి విషయంలో నిలబడితేనే ఆ సూత్రానికి విలువ.

కాబట్టి పాత నేర చిత్రం చూసేటప్పుడు, అమెరికాదయినా మనదయినా, హంతకుడెవరో తెలిసిన తర్వాత కూడా మరొక ప్రశ్న మిగుల్చుకొని చూడడం మంచిది. ఈ కథలో ఫలానావాణ్ణి అపరాధి అని మొట్టమొదట అన్నవారెవరు? వారిని ఎవరైనా ప్రశ్నించారా? ఆ మాట మీద సాక్ష్యం విన్నవారున్నారా? ఈ మూడు ప్రశ్నలూ అడిగే ప్రేక్షకులు ఉన్నంతకాలం, ఎవరి పేరయినా కొట్టివేయదలచినవాడు కొంత జంకక తప్పదు.